సొంత ద్రవ్యోల్బణం కాలిక్యులేటర్లు: ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ తప్పుతాయి

ధరల సూచీ మీద జనం మొదట చేసే ఫిర్యాదు, అది తమ ఇంటి లెక్క కాదని. ఆ ఫిర్యాదుకు జవాబుగా వచ్చినవే సొంత ద్రవ్యోల్బణం కాలిక్యులేటర్లు. జర్మనీ, బ్రిటన్, కెనడా గణాంక సంస్థలు వీటిని తయారుచేసి ఉచితంగా అందుబాటులో పెట్టాయి. ఆహారానికి ఇంత, అద్దెకు ఇంత, రవాణాకు ఇంత అని నెల ఖర్చు నింపితే చాలు, గత ఏడాదితో పోలిస్తే మీ ఇంటి జీవన వ్యయం ఎంత శాతం పెరిగిందో చెబుతాయి. లాగిన్ అవసరం లేదు, పది నిమిషాల పని.

పనికొచ్చే పరికరమే, సందేహం లేదు. అయితే ఒక ఇంటి ద్రవ్యోల్బణం దేశ సగటుకు ఎందుకు దూరంగా ఉంటుందంటే రెండు కారణాలు చెప్పాలి. కొనే వస్తువుల వాటాలు వేరు, కట్టే ధరలు వేరు. కాలిక్యులేటర్ మొదటిదాన్నే సరిచేస్తుంది. పైగా రెండింటిలో చిన్నది అదే. ఇది తెలిసి వాడితే మేలు. తెలియకుండా వాడితే తప్పుడు అంకె మీద దశాంశ స్థానాలతో సహా నమ్మకం కుదురుతుంది.

లోపల జరిగే లెక్క చూద్దాం. గణాంక కార్యాలయం ప్రతి నెలా ఆహారం, అద్దె, రవాణా, విద్య, వైద్యం లాంటి పద్దులకు విడివిడిగా సూచీలు ప్రకటిస్తుంది. దేశంలోని కుటుంబాలు ఏ పద్దు మీద ఎంత ఖర్చు పెడుతున్నాయో వ్యయ సర్వే నుంచి తీసుకుని, ఆ వాటాలను వెయిటేజీలుగా వేసి మొత్తం సూచీ కడుతుంది. కాలిక్యులేటర్ ఆ వాటాలను పక్కన పెట్టి మీ వాటాలు వేస్తుంది. అంతే. ఏడాదిలో ఆహారం 8 శాతం, అద్దె 4, ఇంధనం-రవాణా 12, విద్య 6, మిగతావి 3 శాతం పెరిగాయనుకుందాం. ఒక ఇంట్లో వీటి వాటాలు వరసగా 30, 25, 15, 10, 20 అయితే ఆ ఇంటి ద్రవ్యోల్బణం 6.4 శాతం. ఇంకో ఇంట్లో 15, 35, 5, 0, 45 అయితే 4.55 శాతం. ధరలు రెండిళ్లకూ ఒకటే, వాటాలు మారినందుకే దాదాపు రెండు శాతాంశాల తేడా వచ్చింది. ఈ తేడాను కాలిక్యులేటర్ నికార్సుగా పట్టుకుంటుంది.

అసలు అధికారిక సూచీలో వాటాలు ఎవరివన్నది కూడా చెప్పుకోవాలి. సర్వేలోని ఇళ్లన్నింటి ఖర్చునూ కూడి, ఆ మొత్తంలో ఒక్కో పద్దు వాటా తీస్తారు. అందువల్ల పదింతలు ఖర్చు పెట్టే ఇంటి మాట పదింతలు చెల్లుతుంది. ఫలితంగా సూచీ ఎవరి బుట్టకు దగ్గరగా ఉంటుందంటే, మధ్య మెట్టు మీద ఉన్న కుటుంబానికి కాదు, దానికి పై మెట్ల మీద ఉన్నవాళ్లకు. బ్రిటన్ గణాంక కార్యాలయం ఇందుకు విరుగుడుగా కుటుంబ వ్యయ సూచీలు అని వేరే వరుస ప్రకటిస్తోంది. అందులో ప్రతి ఇంటికీ సమాన విలువ ఉంటుంది, ఇంటి రుణం మీద వడ్డీ కూడా లెక్కలోకి వస్తుంది. ఆహారం, అద్దె, ఇంధనాల మీదే ఎక్కువ భాగం పోయే ఇంటివాళ్లు కాలిక్యులేటర్ వాడితే మొదట దొరికే లాభం ఇదే: పై మెట్ల బుట్ట నుంచి బయటపడతారు.

రెండో కారణం దగ్గరకు వద్దాం. ఆర్థికవేత్తలు గ్రెగ్ కాప్లన్, శామ్ షుల్‌హోఫర్-వోల్ 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. అమెరికా కుటుంబాలు కొన్న వస్తువుల స్కానర్ డేటాతో, అంటే బార్‌కోడ్ చదివి నమోదైన కొనుగోళ్ల వివరాలతో, ఇంటింటి ద్రవ్యోల్బణాన్ని లెక్కించారు. కుటుంబాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి, కింది పావునూ పై పావునూ తీసేసినా, మిగిలిన మధ్య సగంలోనే ఏడాదికి 6.2 నుంచి 9.0 శాతాంశాల వెడల్పు కనిపించింది. ఆ తేడాలో ఎక్కువ భాగం పద్దుల వాటాల నుంచి రాలేదు. ఒకే రకం సరుకుకు ఒక్కో ఇల్లు ఒక్కో ధర కట్టడం నుంచి వచ్చింది. కాలిక్యులేటర్‌కు మీరు కట్టే ధరలు తెలియవు. దేశమంతటి సగటు ఆహార సూచీనే మీ ఆహార సూచీగా తీసుకుంటుంది.

ఈ లోపం అందరినీ ఒకేలా తాకదు. ఆర్థికవేత్తలు అల్బెర్టో కవాలో, ఒలెక్సీ క్రివ్‌ట్సోవ్ 10 దేశాల ఆహార ధరలు పరిశీలించి, కోవిడ్ తర్వాత ధరలు మండిన రోజుల్లో ఖరీదైన బ్రాండ్ల కంటే చవక బ్రాండ్ల ధరలే 1.3 నుంచి 1.9 రెట్లు వేగంగా పెరిగాయని తేల్చారు. ముందు నుంచీ చవక రకమే కొనే ఇంటికి దిగడానికి ఇంకో మెట్టు లేదు. ఖరీదైనది కొనే ఇల్లు ఒక మెట్టు దిగి కొంత తప్పించుకోగలదు. రెండిళ్లూ ఆహారం వరుసలో ఒకే వాటా నింపితే కాలిక్యులేటర్ రెండింటికీ ఒకే జవాబు ఇస్తుంది. పేద ఇంటి భారాన్ని చూపించాల్సిన పరికరం సరిగ్గా అక్కడే తక్కువ చూపిస్తుంది. ఈ పరికరాల మీద మాకున్న పెద్ద అభ్యంతరం ఇదే.

ఇక ఫారం నింపేటప్పుడు జరిగే తప్పులు. వీటిలో ఒకటి వాడేవాళ్ల తప్పు కానే కాదు, తయారీలోనే ఉండొచ్చు. ఈ నెల ఖర్చు అడిగి, ఆ వాటాలను గత ఏడాది నుంచి ఇప్పటివరకు పెరిగిన ధరలకు నేరుగా వెయిటేజీగా వేస్తే లెక్క తప్పుతుంది. 1871లో జర్మన్ ఆర్థికవేత్త లాస్పైరెస్ ఇచ్చిన సూత్రం ప్రకారం వాటాలు మొదటి కాలానివి కావాలి. ఇప్పటి ఖర్చులో ధర పెరుగుదల అప్పటికే కలిసి ఉంటుంది కాబట్టి, పెరిగిన వస్తువు రెండుసార్లు లెక్కకొస్తుంది. చిన్న ఉదాహరణ. నిరుడు రెండు సరుకుల మీద 50, 50 ఖర్చయింది. మొదటిదాని ధర రెట్టింపయింది, రెండోది కదల్లేదు, కొన్న పరిమాణాలు మారలేదు. ఇప్పుడు ఖర్చు 100, 50. మొత్తం 100 నుంచి 150కి చేరింది కాబట్టి నిజమైన పెరుగుదల 50 శాతం. ఇప్పటి వాటాలు 66.7, 33.3తో మామూలు సగటు తీస్తే 66.7 శాతం వస్తుంది. ఇప్పటి వాటాలే వాడాలనుకుంటే 1874లో ఇంకో జర్మన్ ఆర్థికవేత్త పాషే చెప్పిన దారిలో పోవాలి: ఒక్కో వాటాను దాని ధర నిష్పత్తితో (ఇప్పటి ధరను పాత ధరతో భాగిస్తే వచ్చేదానితో) భాగించి, కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగించాలి. 0.667ను 2తో భాగిస్తే 0.333, దానికి ఇంకో 0.333 కలిపితే 0.667, ఒకటిని దానితో భాగిస్తే 1.5. మళ్లీ 50 శాతమే.

ధరలన్నీ దగ్గర దగ్గరగా కదిలే కాలంలో ఈ పొరపాటు పట్టుబడదు, తేడా పదో వంతు శాతంలో ఉండిపోతుంది. ఇంధనం ఒక్కసారిగా ఎగబాకిన ఏడాదిలో మాత్రం అంకె బాగా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే జనం కాలిక్యులేటర్ దగ్గరకు వస్తారు. విరుగుడు తేలిక: కాలిక్యులేటర్ ఈ భాగహారం తనంతట చేయకపోతే, ఏ నెల నుంచి పోలుస్తున్నామో ఆ నెల ఖర్చు వేయాలి. పాత లెక్కలు లేకపోతే ఇప్పటి ఖర్చును ఆ పద్దు ధర నిష్పత్తితో భాగించి వెనక్కి తీసుకెళ్లాలి. ఇప్పుడు 112 ఖర్చవుతూ ఆ పద్దు 12 శాతం పెరిగి ఉంటే 100 అని వేయాలి.

అన్నింటికన్నా ఎక్కువ గందరగోళం ఇంటి వరుసలో. అద్దె ఇంట్లో ఉంటే సమస్య లేదు, కట్టే అద్దె వేస్తే సరిపోతుంది. సొంత ఇల్లయితే ఏం వేయాలన్నది ఆ దేశ సూచీ ఇంటిని ఎలా కొలుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అమెరికా 1983 నుంచి సొంతింటివాళ్ల విషయంలో ఆ ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందన్న పద్ధతి పాటిస్తోంది. ఐరోపా సమాఖ్య దేశాలను పోల్చడానికి వాడే సమన్వయ సూచీలో సొంతింటి ఖర్చుకు చోటు లేదు. కొన్ని దేశాలు కొత్త ఇళ్ల ధరలు తీసుకుంటాయి, కొన్ని వడ్డీని తీసుకుంటాయి. అద్దె పద్ధతి ఉన్నచోట రుణ వాయిదాను అద్దె వరుసలో వేయడం అందరూ చేసే పొరపాటు. వాయిదాలో అసలు భాగం ఖర్చు కిందకే రాదు, అది మీ ఆస్తిలో చేరే సొమ్ము. వడ్డీ భాగం మారే రేటుదైతే, అది పెరిగేది అద్దెల సూచీతో పాటు కాదు, బ్యాంకు రేటుతో పాటు. అక్కడ వేయాల్సింది ఆ ఇంటికి బయట పలికే అద్దె. అలా వేయడం ఇష్టం లేనివాళ్లు ఇంటి వరుస సున్నా చేసి, మిగతా పద్దులకు కాలిక్యులేటర్ జవాబు తీసుకుని, వడ్డీ ఎంత పెరిగిందో కాగితం మీద వేరుగా కలుపుకోవడం మేలు. మొత్తం నిరుటి ఖర్చులో వడ్డీ 20 శాతం ఉండి, అది నాలుగో వంతు పెరిగితే 5 శాతాంశాలు. మిగతా 80 శాతం ఖర్చు 6 శాతం పెరిగితే 4.8. వెరసి 9.8 శాతం. చేతిలోంచి పోయే డబ్బు ఎంత పెరిగిందన్న ప్రశ్నకు ఇది నిజాయితీ గల జవాబు.

ఏడాదికోసారి కట్టేవాటిని, అంటే ఫీజులు, బీమా ప్రీమియం, వాహనం సర్వీసింగ్ లాంటివాటిని పన్నెండుతో భాగించి నెల ఖర్చులో వేయాలి. ఫ్రిజ్ లాంటివి ఎనిమిదేళ్లకోసారి కొంటే ధరలో ఎనిమిదో వంతు ఏడాది ఖర్చు. ఆదాయపు పన్ను, పొదుపు, పెట్టుబడులు, అప్పు అసలు ఎక్కడా వేయకూడదు. సూచీలో వాటికి పద్దులే ఉండవు. వైద్యంలో మీ జేబులోంచి పోయిందే వేయాలి, బీమా సంస్థ కట్టింది కాదు.

కొత్త కాలిక్యులేటర్ దొరికినప్పుడు దాన్ని నమ్మే ముందు మూడు పరీక్షలు పెట్టొచ్చు. ఖర్చంతా ఒకే పద్దులో వేసి మిగతావి సున్నా చేయండి. ఆ పద్దుకు గణాంక కార్యాలయం ప్రకటించిన పెరుగుదలే రావాలి. తర్వాత అన్ని ఖర్చులనూ రెట్టింపు చేయండి, జవాబు కదలకూడదు. కదిలితే ఖాళీ వదిలిన వరుసల్లో అది సొంతంగా సగటు ఖర్చులు నింపుతోందని అర్థం. ఇది పైకి కనిపించని లోపం, ఫలితాన్ని చడీచప్పుడు లేకుండా దేశ సగటు వైపు లాగుతుంది. మూడోది, అధికారిక వాటాలనే నింపి అధికారిక ద్రవ్యోల్బణం వస్తుందో లేదో చూడండి. ఏడాది పోలికలో పదో వంతు శాతం అటూ ఇటూ పర్వాలేదు. చాలా దేశాలు వాటాలను ఏటా మార్చి, ఒక్కో ఏడాది సూచీని ముందటి ఏడాదిదానికి గొలుసులా కలుపుతాయి కాబట్టి ఆ మాత్రం వస్తుంది. ఒక శాతం తేడా ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. గణాంక సంస్థలవి కాకుండా బయట దొరికే వాటిలో చాలావరకు వేరే సరుకు. ఒక మొత్తం, రెండు సంవత్సరాలు అడిగి డబ్బు విలువ చెబుతాయి, మీ వాటాలతో వాటికి పనే లేదు. పదవీ విరమణ కాలిక్యులేటర్లయితే భవిష్యత్తు మొత్తానికి ఒకే రేటు ఊహిస్తాయి. 20 ఏళ్లకు 6 శాతం వేస్తే ఖర్చు 3.2 రెట్లు, 8 శాతం వేస్తే 4.66 రెట్లు అవుతుంది. ఆ గడిలో ముందే నింపి ఉన్న రేటును చూడకుండా వదిలేయకూడదు.

ధరల లోపాన్ని పూడ్చాలంటే సొంత ధరల పట్టిక ఒక్కటే దారి. 25 నుంచి 30 సరుకులు చాలు, అద్దె కాకుండా మిగిలిన ఖర్చులో సగానికి పైగా అవే రావాలి. ప్రతిదానికీ ప్యాకెట్ ధర కాదు, కిలోకో లీటరుకో ధర రాయాలి. ప్యాకెట్ ధర మారకుండా 500 గ్రాములు 450 అయితే పెరుగుదల 10 శాతం కాదు, 11.1 శాతం. 500ను 450తో భాగిస్తే వచ్చేది అది. పోలిక నిరుడు ఇదే నెలతో ఉండాలి. కూరగాయలు, పండ్ల ధరలు రుతువులతో ఊగుతాయి కాబట్టి వేసవిని చలికాలంతో పోలిస్తే ఏ అర్థమూ లేని అంకె వస్తుంది. డిస్కౌంట్‌లో కొంటే డిస్కౌంట్ ధరే రాయాలి, రెండు ఏళ్లలోనూ.

ఒకే పద్దులోని సరుకుల నిష్పత్తులకు గుణమధ్యమం తీయాలి. నాలుగు సరుకుల నిష్పత్తులు 1.20, 1.05, 0.95, 1.10 అయితే నాలుగింటినీ గుణించి నాలుగో మూలం తీస్తే 1.071, అంటే 7.1 శాతం. మామూలు సగటు 7.5 ఇస్తుంది. తేడా చిన్నదిగా కనిపించినా అది ఎటువైపు ఉంటుందో చూడండి. ఒక ధర రెట్టింపయి, ఇంకోటి సగమైతే మామూలు సగటు 25 శాతం పెరుగుదల చూపిస్తుంది, గుణమధ్యమం ఏమీ మారలేదంటుంది. అమెరికా 1999 జనవరి నుంచి చాలా పద్దుల్లో గుణమధ్యమానికి మారింది. బ్రిటన్ పాత రిటైల్ ధరల సూచీలో మామూలు సగటు ఉండిపోయింది. 2013లో ఆ సూచీ జాతీయ గణాంకం హోదా పోగొట్టుకోవడానికి ఈ సూత్రం లోపమే కారణం. స్ప్రెడ్‌షీట్‌లో జియోమీన్ ఫంక్షన్ ఈ పని చేసిపెడుతుంది.

పట్టికలోని సరుకు బజారులో దొరకకుండా పోతే కొత్తదాని ధరను పాతదాని నిరుటి ధరతో పోల్చకూడదు. రెండూ దొరికే నెలలో రెండింటి ధరలూ రాసుకుని, ఆ నెల వరకు పాతదాని నిష్పత్తి, ఆ తర్వాత కొత్తదాని నిష్పత్తి తీసుకుని గుణించాలి. లేకపోతే రకం మారినందుకు వచ్చిన తేడా ధర పెరుగుదలగా దూరుతుంది. ఇలా వచ్చిన పద్దుల శాతాలను కాలిక్యులేటర్ ఇచ్చిన పద్దుల శాతాల పక్కన పెట్టి చూడండి. పట్టిక లేని పద్దులకు అధికారిక శాతమే ఉంచి, ఉన్నవాటికి మీది వేసి, మళ్లీ వాటాలతో కలపాలి.

ఫలితాన్ని చదవడంలో రెండు జాగ్రత్తలు. సూచీ 108.4 నుంచి 121.6కు వెళితే పెరుగుదల 13.2 శాతం కాదు, 121.6ను 108.4తో భాగించాలి, 12.2 శాతం వస్తుంది. అలాగే నిరుడు 10 శాతం, ఈ ఏడాది 4 శాతం అంటే ధరలు దిగినట్టు కాదు, రెండేళ్ల కిందటి కంటే 14.4 శాతం మీద ఉన్నట్టు. జీతం రెండేళ్లుగా పెరగని ఇంటికి కావాల్సిన అంకె 14.4. కాబట్టి మొదటి నెలను మనమే ఎంచుకోనిచ్చే కాలిక్యులేటర్‌నే ఎంచుకోవాలి. ఎప్పుడూ 12 నెలల పోలికే చూపించేది జీతం చర్చకు పనికిరాదు. ఏదో ఒక నెలలో ఎగిరిన ధర సరిగ్గా ఏడాది తర్వాత ఆ పోలికలోంచి జారిపోతుంది, ఇంటి ఖర్చులోంచి మాత్రం కాదు.

వచ్చే ఏడాది బడ్జెట్ వేసుకునేవాళ్లకు, ఏ పద్దు తమను ఎక్కువగా కుంగదీస్తోందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఈ కాలిక్యులేటర్లను గట్టిగా సిఫారసు చేస్తాం. యజమాని ముందు జీతం పెంపు అడగడానికి ఫలితాన్ని రుజువుగా పెట్టడం మాత్రం సరికాదు. అవతలివాళ్లు అధికారిక సూచీనే ఒప్పుకుంటారు, వాటాలు మీరు నింపినవే కదా అంటారు. పెన్షన్లు, సహాయ పథకాల పెంపును నిర్ణయించేవాళ్లు అసలు దీన్ని ముట్టుకోకూడదు. వాళ్లకు ఆదాయ వర్గాల వారీగా, చవక రకాల ధరలతో విడిగా కట్టిన సూచీలు కావాలి. స్కానర్ డేటా చేతిలో ఉన్న గణాంక సంస్థలకు అది అసాధ్యమేమీ కాదు.

తయారుచేసేవాళ్లు ఇంకో మూడు గడులు చేర్చితే ఈ సేవ చాలా మెరుగవుతుంది. ఖర్చు ఏ నెలదో అడిగే గడి, సొంతిల్లా అద్దెల్లా రుణం ఉందా అని అడిగి దాన్ని బట్టి సూత్రం మార్చే గడి, ఆహారంలో చవక రకమా ఖరీదైనదా అని అడిగే గడి. ఫలితాన్ని 6.37 శాతం అని రెండు దశాంశాలతో చూపడం మాని, 5 నుంచి 8 మధ్య అని శ్రేణిగా చూపాలి. కట్టే ధరలు తెలియకుండా చెప్పే అంకెకు అంతకు మించిన ఖచ్చితత్వం లేదు.